నేసిన అమ్మ

ఉద్యోగం హిందూపురంలో, ఇల్లు ధర్మవరంలో. నా స్పానిష్ చదువంతా ఆ రెండింటి మధ్య రైల్లోనే. మా వైపు అది మరీ పరాయి భాషేం కాదు. బార్సిలోనాలో పుట్టిన ఫెర్రర్ 1969లో అనంతపురంలో ఆర్‌డీటీ మొదలుపెట్టినప్పటి నుంచీ స్పెయిన్ వాళ్ళు మా ఊళ్ళకి వస్తూ పోతూనే ఉన్నారు.

ఒకరోజు పెనుకొండ దాటాక, అక్కడ పరిచయమైన స్నేహితురాలికి అమ్మ గురించి రాశాను. 'చీర నేసిన అమ్మ' అని నా ఉద్దేశం. 'నేసిన'కి స్పానిష్‌లో 'తెహీదో'. అమ్మ స్త్రీలింగం కాబట్టి 'తెహీదా' అని మార్చి, 'మాద్రె తెహీదా' అని పంపించా. లింగం కుదిరిందని మురిసిపోయా కూడా. జవాబొచ్చింది: "మీ అమ్మని ఎవరు నేశారు?"

తెలుగులో 'అమ్మ నేసిన చీర', 'చీర నేసిన అమ్మ' రెండూ చెల్లుతాయి. 'నేసిన' అన్నమాట ఎవరి ముందు నిలబడితే వాళ్ళది. స్పానిష్‌లో ఆ రూపం చీరకే అతుక్కుంటుంది. నేసిన మనిషిని చెప్పాలంటే 'కె తెహియో' అంటూ వేరే వాక్యం కట్టాలి. (బాగా చదువుకున్న ఆమెని మాత్రం 'లెయీదా' అంటారు. మాటకి మాట పెడితే 'చదవబడిన ఆమె'! రూల్ అక్కడేమైందో మరి.) 'తెర్మినాదో ఎల్ సారి' అంటే 'చీర అయిపోయాక'. మూడు మాటల్లో చీర అయిపోతుంది, నేసినామె ఊసే ఉండదు. కొట్లో మడతపెట్టిన చీర మీద కూడా ఉండదు లెండి.

తప్పు దిద్దుతూ ఇంకో వాక్యం దగ్గర ఆగిపోయాను. 'పోబ్రె'ని ముందు పెట్టి 'మి పోబ్రె మాద్రె' అంటే 'పాపం మా అమ్మ'. వెనక పెట్టి 'మి మాద్రె పోబ్రె' అంటే డబ్బుల్లేని అమ్మ. మనకి విశేషణం ఎప్పుడూ ముందే కాబట్టి ఈ తేడా చోటుతో రాదు, 'పాపం' అని విడిగా అనుకోవాల్సిందే. రెండూ నిజమే. కానీ మొదటిది రాస్తే నేను జాలి పడుతున్నట్టు, రెండోది రాస్తే చేయి చాపుతున్నట్టు. ధర్మవరం వచ్చేదాకా రాయడం, కొట్టేయడం.

ఇంట్లో అమ్మ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే ఉంది. విషయమంతా చెప్పా.

"బీద అని ముందర పెడితేనేమి, ఎనక పెడితేనేమి," అంది, నాడె ఆపకుండా. "పట్టు రేటు ఎంతుందో రాసినావా?"