పుట్టింటిది, అడగొద్దు

ప్రిలిమ్స్ మూడోసారి పోయాక అమ్మ నన్ను ఖరగ్‌పూర్‌లో పిన్ని వాళ్లింటికి పంపింది. ఊళ్లో ఉంటే అడిగేవాళ్లు ఎక్కువని ఆమె భయం. బాబాయ్‌ది రైల్వే ఉద్యోగం. క్వార్టర్‌లో ఒక గది నాకిచ్చారు. ఆదివారం ఒక వ్యాసం రాయాలని నియమం పెట్టుకున్నాను. మెయిన్స్ వ్యాసం పేపరు 250 మార్కులు, మూడు గంటల్లో రెండు వ్యాసాలు. నావి ఎప్పుడూ గాంధీగారి మాటతో మొదలై అంబేద్కర్‌గారి మాటతో ముగుస్తాయి. మధ్యలో నేనెక్కడా ఉండను.

ఒక శనివారం బాబాయ్ పుస్తకం మూసేశాడు. "రేపు టాటానగర్ పోయి రారా. ఆ 243క్యూ అని నెల్రోజులుగా బట్టీ పడుతున్నావు కదా, ఆ ఊరు చూసి రా."

నిజమే. 74వ సవరణలో 243క్యూ కింద చిన్న మినహాయింపు ఉంది. ఒక పరిశ్రమే పట్టణానికి పుర సేవలు అందిస్తుంటే, గవర్నరు దాన్ని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించవచ్చు. అప్పుడక్కడ మునిసిపాలిటీ ఉండనక్కర్లేదు. ఈ చర్చ ఎక్కడ వచ్చినా జంషెడ్‌పూర్ పేరు వస్తుంది. సాక్చి అనే పల్లె దగ్గర 1907లో పెట్టిన కంపెనీ 1912లో ఉక్కు తీసింది. 1919లో ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కాలిమాటి స్టేషను టాటానగర్ అయింది. ఎనిమిది గంటల పని ఇక్కడ 1912లోనే వచ్చింది. ఇవన్నీ నోట్సులో ఎర్ర పెన్నుతో గీసుకున్నవే.

రైలు ఝార్‌గ్రామ్, ఘాట్‌శిలా దాటి వెళ్లింది. బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం చూశాను. గోపురం కింద ఇద్దరు ముసలాళ్లు అచ్చం మా శ్రీకాకుళం యాసలో ఎవరి పెళ్లి గురించో తగువాడుకుంటున్నారు. కాసేపు నిలబడి విన్నాను. జుబిలీ పార్కు చూశాను. నోట్సులో రాసుకోవాల్సిందేమీ తట్టలేదు. తిరుగు రైలుకి ఇంకా మూడు గంటలుందని సాక్చి బజారులో పడ్డాను.

అక్కడ ఒక సందులో పాత సామాన్ల కొట్టు. కాళ్లు లేని కుర్చీలు, తుప్పు పట్టిన ఫ్యాన్లు, ఇత్తడి గిన్నెల గుట్ట. ఆ గుట్టలో మరచెంబు కనిపించింది. తెలియని తమ్ముళ్ల కోసం చెప్తున్నాను: ప్లాస్టిక్ సీసాలు రాకముందు రైలు ప్రయాణంలో మంచినీళ్లు పట్టుకెళ్లే చెంబు ఇది. మూత మరలా తిరుగుతుంది, నీళ్లు ఒలకవు. లోపల కళాయి పూత ఉంటుంది.

చేతిలోకి తీసుకుంటే లోపల ఏదో గలగలమంది. మూత రాలేదు. కొట్టాయన కూడా తిప్పి చూశాడు, రాలేదు. "బంగారం ఉందేమో" అని హిందీలో నవ్వి, ఆ చప్పుడుకి యాభై రూపాయలు పెంచాడు! మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. "ఒడియా అనుకుంటా" అన్నాడు. గుండ్రంగా ఉన్నాయి కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేను. చొక్కా అంచుతో మసి తుడిచాను.

'పుట్టింటిది. అడగొద్దు.'

పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. ఆ సందులో ఒక్కణ్నే నిలబడి నవ్వాను. పాత్రల కొట్టులో పేరు కొట్టించడం మనకి తెలిసిందే. పేరు వద్దు, ఈ మాట కొట్టు అని ఏ పెళ్లికూతురు చెప్పిందో! ఎవరు అడిగి ఉంటారు? అత్తగారా, ఆడపడుచా, మొగుడా? బేరం లేకుండా 450 ఇచ్చాను.

రైల్లో కూర్చున్నాక అలవాటు ప్రకారం బుర్ర నోట్సు రాయడం మొదలెట్టింది. స్త్రీధనం. హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 14. చట్టానికి ముందు వచ్చినా తర్వాత వచ్చినా, స్థిరాస్తి అయినా చెంబు అయినా, స్త్రీ ఆధీనంలో ఉన్న ఆస్తికి ఆమె సంపూర్ణ యజమాని. 14(1)కీ 14(2)కీ తేడా పట్టుకోలేక తడబడేవాళ్లు తులశమ్మ కేసు చదవండి, మన తెలుగు కుటుంబానిదే. భర్త పోయాక ఆమె మనోవర్తి కోసం కోర్టుకెక్కింది. 1949 రాజీలో కొంత ఆస్తి ఇచ్చారు, బతికినంతకాలం అనుభవించడానికి మాత్రమే. ఆమె అందులో కొంత అమ్మింది. వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. మనోవర్తి ఆమెకు ముందునుంచీ ఉన్న హక్కు, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి 14(1) కిందకే వస్తుంది, కాబట్టి అది పూర్తిగా ఆమెదే అని 1977లో తీర్పొచ్చింది. తర్వాత 1985లో ప్రతిభారాణి కేసు. స్త్రీధనం భర్త దగ్గరో అత్తింట్లోనో ఉంటే వాళ్లు దానికి ధర్మకర్తలు మాత్రమే, తిరిగివ్వకపోతే నమ్మకద్రోహ నేరం.

మొత్తం తప్పు లేకుండా గుర్తొచ్చింది. పరీక్ష అయితే పదిహేను మార్కుల ప్రశ్నకి పదైనా పడేవి.

ఘాట్‌శిలా దగ్గర అనుకుంటా, ఇంకో సంగతి గుర్తొచ్చింది. రెండో అటెంప్ట్ అప్పుడు టెస్ట్ సిరీస్ ఫీజుకి డబ్బు చాలలేదు. అమ్మని అడిగాను. గొడవేం జరగలేదు. అటక మీంచి ఇత్తడి బిందె దింపి, "స్టీలు వచ్చాక దీంతో ఎవరు మోస్తున్నార్లే" అంది. గోనెసంచిలో పెట్టి కొట్టుకి మోసింది నేనే. తూకం వేయించింది, డబ్బు లెక్కపెట్టుకుంది కూడా నేనే.

రాత్రి బాబాయ్ మూత చుట్టూ చింతపండు పట్టించి, గుడ్డతో బిగించి తిప్పాడు. కిర్రుమని వచ్చింది. బంగారం లేదు. ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు మూడు. పిన్ని చూడగానే గుర్తుపట్టింది. "అష్టాచెమ్మావిరా ఇవి! రైల్లో ఆడుకోడానికి పెట్టుకుని ఉంటారు. నాలుగుండాలి, ఒకటి పోయింది."

అమ్మకి ఫోన్ చేసి చెంబు మీది మాట చదివి వినిపించాను. చాలాసేపు నవ్వింది. అదే ఊపులో అడిగేశాను.

"అమ్మా, మన బిందె మీద ఏమైనా రాసుందా?"

"మా నాన్న పేరుండేది. నువ్వు చూళ్లేదా?"

చూడలేదు. మూడో తరగతి నుంచి దొరికిన ప్రతి కాగితమూ చదివినవాణ్ని. బిందె భుజాన మోశాను, తూకంలో ముల్లు ఎక్కడ నిలుస్తుందా అని రెప్పవేయకుండా చూశాను. నాలుగు కిలోల ఆరువందల గ్రాములు. అది మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఆమెతో ఆ మాటే అన్నాను.

అవతల కొంచెంసేపు ఏమీ వినపడలేదు.

"ఆ చెంబు అమ్మకు" అంది చివరికి. "వచ్చేటప్పుడు తీసుకురా. నాలుగో పిక్క నేను అరగదీసి ఉంచుతాను."

ఆ ఆదివారం వ్యాసం రాయలేదు. రాత్రి చెంబుకి చింతపండు, ఉప్పు పట్టించి తోముతూ కూర్చున్నాను. 'అడగొద్దు'లో చివరి అక్షరం దగ్గర మసి ఇంకా పోలేదు.