రాయప్ప రాళ్ళ నుంచి నిలురాళ్ళ దాకా

చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దాటి ఉత్తరంగా తాడోబా దారి పట్టుకుంటే తుకుం వస్తుంది. తెల్లవారకముందే ఈ దారి మేలుకుంటుంది. పులిని చూడ్డానికి మొహర్లీ గేటుకు పోయే జిప్సీలు, దుర్గాపూర్ గనుల వైపు మళ్ళే లారీలు, థర్మల్ కేంద్రంలో మొదటి షిఫ్టుకు పోయే మోటారు సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి సాగుతుంటాయి. 2,920 మెగావాట్ల ఆ కేంద్రం పొగగొట్టాలు తుకుంలో ఏ డాబా ఎక్కినా కనిపిస్తాయి. దాని దాహం తీర్చేది ఇరయీ నది మీద కట్టిన డ్యాము. ఆ నదే వానాకాలంలో వార్ధా వెనక్కి తన్నినప్పుడు ఊళ్ళోకీ వచ్చేస్తుంది.

బయటివాళ్ళకు చంద్రపూర్ అంటే బొగ్గు, పులి, ఎండ. మే నెలలో ఒక్కసారి ఇక్కడ దిగినవాళ్ళకు ఆ మూడోది జన్మలో మరుపు రాదు. కానీ ఈ నేలలో నాలుగోది ఉంది, రాయి. మనుషులు పనిగట్టుకుని పెకలించి, మోసి, చెక్కి, నిలబెట్టిన రాయి. దాని గురించి అడిగేవాళ్ళు తక్కువ. తెలుగువాళ్ళమైతే మరీ అడగాలి, ఎందుకంటే ఆ కథలో మనవాళ్ళున్నారు.

ఈ ఊళ్ళో తెలుగు వినడానికి వెతుక్కోనక్కర్లేదు. లాల్‌పేట్, బాబుపేట్, పక్కనే బల్లార్‌పూర్ గని కాలనీల్లో తరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. బొగ్గు కోసం వచ్చినవాళ్ళు కొందరు, కాగితం మిల్లు కోసం వచ్చినవాళ్ళు కొందరు. అసలు ఎక్కడికీ రాకుండానే మహారాష్ట్రలో చేరినవాళ్ళూ ఉన్నారు. వార్ధా నది అవతలి రాజురా తాలూకా నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాది. 1956లో రాష్ట్రాల హద్దులు మారినప్పుడు నాందేడ్‌లో కలిసింది, 1959లో చాందా జిల్లాకు వచ్చింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, జిల్లా పేరు మాత్రం మారుతూ పోయింది. చైత్రంలో మహాకాళి జాతరకు ఆదిలాబాద్ వైపు నుంచి, నాందేడ్ నుంచి జనం తరలివచ్చినప్పుడు ఈ హద్దులన్నీ ఝర్పట్ వాగు ఒడ్డున కలగలిసిపోతాయి.

మనవాళ్ళున్నారన్న ఆ రాతి కథకు వస్తే, రాయప్ప రాళ్ళు ఉన్నది లాల్‌పేట్ పక్కనే. రాయప్ప అనే కోమటి, గోండు రాజుల కాలంలో, ఎవరూ కట్టనంత పెద్ద శివాలయం కట్టాలని సంకల్పించాడని చెబుతారు. ముందు విగ్రహాలు చెక్కించాడు. గుడి లేచేలోపే ఆయన పోయాడు. విగ్రహాలు చెక్కినచోటే, ఆకాశం కిందే ఉండిపోయాయి. పది తలల దుర్గ విగ్రహం వీటిలో అన్నిటికంటే పెద్దది, పొడవు ఇరవై అడుగులకు పైనే. ఒకే రాతిలో మలిచిన ఆ మూర్తి వెల్లకిలా పడుకుని ఉంది, ఇప్పటివరకు ఒక్కసారి కూడా నిలబడలేదు. వినాయకుడు, హనుమంతుడు, నంది, చేప, తాబేలు, లింగం, అన్నీ ఇదే తీరు, మనిషి కొలతను మించినవే.

ఈ విగ్రహాల్లో శిల్ప సౌందర్యం వెతికితే ఎక్కువ దొరకదు. అజంతా సున్నితం కాదిది, రామప్ప నునుపు కాదు. ఉలి పని మోటుగా ఉంటుంది, ముఖాలు పలకల్లా ఉంటాయి. అయినా ఆ దుర్గ పక్కన నిలుచుంటే శిల్పి నైపుణ్యం గురించిన ఆలోచన రాదు. ఇంత బరువును ఎలా లేపుదామనుకున్నారు అన్న ప్రశ్న ఒక్కటే వస్తుంది. ఎన్ని ఎడ్లు, ఎన్ని దూలాలు, ఎంత మట్టికట్ట, ఎందరు మనుషులు! రాయప్ప దగ్గర ఆ లెక్క ఉండే ఉంటుంది. డబ్బు లెక్క తెలిసినవాడు బరువు లెక్క వేయకుండా ఇంత పనికి దిగడు. ఆ లెక్క ఆయనతోనే పోయింది. కేంద్ర పురావస్తు శాఖ ఈ ఏకశిలలను రక్షిత స్మారకాలుగా చూస్తోంది, చుట్టుపక్కల జనం మాత్రం దుర్గకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి తమ దేవతగా చూసుకుంటున్నారు. రెండూ సాగడమే మంచిది.

గోండు రాజ్యం 1751లో నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. అంతకు ముందరి కాలమంటే మనకు పాతదే. రాళ్ళ లెక్కలో అది నిన్నటి మాట. ఊళ్ళోనే, పాపామియా టెకిడీ అనే దిబ్బ దగ్గర, రాతియుగం మనిషి కొట్టిన పనిముట్లు దొరికాయి. గడ్‌చాందూర్, ఘుగుస్ సిమెంటు కర్మాగారాలు తవ్వుతున్న సున్నపురాయి ఇంకా వెనక్కి, దాదాపు వంద కోట్ల ఏళ్ళ వెనక్కి తీసుకుపోతుంది. అది సముద్రం అడుగున పేరుకున్న రాయి. ఇవాళ ఏ దిక్కు పోయినా వందల కిలోమీటర్ల దాకా కెరటం కనబడని ఈ జిల్లా ఒకప్పుడు సముద్రం. ఈ ఊళ్ళో పిల్లర్లకు పోసే సిమెంటు ఆ సముద్రం మిగిల్చినదే.

మనుషులు రాళ్ళను నిలబెట్టింది రాతియుగానికీ గోండు రాజులకూ మధ్య కాలంలో. 1942 ఆగస్టు తిరుగుబాటుతో పేరు తెచ్చుకున్న చిమూర్ తాలూకాలోనే హీరాపూర్ ఉంది. అక్కడ నిలువు పలకల మీద మూతరాయి కప్పిన గూడు సమాధులున్నాయి. తెలుగు పల్లెల్లో రాకాసి గూళ్ళు అనేవి ఇవే. నాగభీడ్ తాలూకా డోంగర్‌గావ్‌లో నిలువురాళ్ళు ఉన్నాయి. విదర్భ అంతటా ఈ సంస్కృతి విస్తరించి ఉంది. నాగపూర్ దగ్గరి జునాపాణిలో రాతి వలయాలను రివెట్ కార్నాక్ అనే ఆంగ్ల అధికారి పందొమ్మిదో శతాబ్దిలోనే తవ్వాడు. ఆ బండల మీద కనిపించిన చిన్న చిన్న గుంతల వరసలను ఆయన బ్రిటన్‌లోని పాత రాళ్ళ మీది గుంతలతో పోల్చి 1879లో వ్యాసం రాశాడు. తర్వాత పురావస్తు పరిశోధకులు, ముఖ్యంగా ఎస్.బి. దేవ్, తకల్‌ఘాట్-ఖాపా, మహుర్‌ఝరి, నాయకుండ్ తవ్వారు. నాయకుండ్‌లో ఇనుము కరిగించిన కొలిమి బయటపడింది. మహుర్‌ఝరి సమాధుల్లో గుర్రాల ఎముకలు, వాటి ముఖానికి తొడిగిన రాగి అలంకారాలు, ఇనుప కళ్ళేలు దొరికాయి. చనిపోయినవాడికి గుర్రాన్ని తోడిచ్చి పంపినవాళ్ళు, ఇనుము కరిగించినవాళ్ళు, నలుపు-ఎరుపు కుండలు చేసినవాళ్ళు వీళ్ళు. క్రీస్తుకు ముందు వెయ్యేళ్ళలో ఇక్కడ బతికారు.

రాయి నిలబెట్టే ఆ ఆచారం పూర్తిగా పోలేదు కూడా. గడ్చిరోలి జిల్లా భామ్రాగడ్ వైపు మాడియా గోండులు ఇప్పటికీ పోయినవాళ్ళ పేరిట దారి పక్కన రాయి పాతుతారు. 1982లో జిల్లా చీలకముందు అదంతా చంద్రపూరే. మ్యూజియంలో చదివే సంగతిని అక్కడ పల్లె దారిలో చూడవచ్చు. అలా చూసేవాళ్ళు ఆ రాయి వెనక ఒక ఇంటి దుఃఖం ఉందని గుర్తుంచుకుని, ఫోటోకు ముందు అనుమతి అడగాలి.

ఇక నీటి ఒడ్డున, కనుచూపు మేర నిలబెట్టిన రాళ్ళను చూడాలంటే దక్షిణానికి రావాలి. తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల. కృష్ణా నది కర్ణాటక నుంచి తెలంగాణలోకి అడుగుపెట్టే చోట, దాదాపు ఎనభై ఎకరాల్లో, పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు రాళ్ళు ఎనభై దాకా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య, చుట్టూ వరసలు తీరిన చిన్న రాళ్ళు మూడు వేల దాకా ఉంటాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు కె.పి. రావు ఏళ్ళ తరబడి వీటిని పరిశీలించారు. ఆయన అంచనాలో ఇవి మూడున్నర వేల ఏళ్ళ నాటివి. కొన్ని వరసలు పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల, అయనాలు మారే రోజుల సూర్యోదయ, సూర్యాస్తమయాలకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. ఒక బండ మీద చెక్కిన చిన్న గుంతలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి. జునాపాణిలోనూ గుంతలు, ఇక్కడా గుంతలు. ఆ రెండు చోట్ల మనుషులకు ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉంటుందా అన్న ప్రశ్న ముడుమాలలో నిలబడ్డప్పుడు తప్పించుకోలేం.

ఊరివాళ్ళకు ఇవి నిలురాళ్ళు. నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతారు, ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. ఆ భక్తే ఇన్నాళ్ళు వాటిని కాపాడింది. దేవుడని మొక్కని చిన్న రాళ్ళకు ఆ రక్షణ దక్కలేదు. పొలం చదును చేసేటప్పుడు, గట్టు వేసేటప్పుడు అడ్డొచ్చిన రాయిని రైతు తీసి పక్కన పెడతాడు. అందులో రైతు తప్పేమీ లేదు, అది రాయి కాదు, ఆకాశం లెక్క అని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. ఒక్క రాయి కదిలితే ఆ వరస మళ్ళీ చదవడానికి రాదు. 2025 మార్చిలో ముడుమాల యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. అదే ఏడాది జులైలో ఫ్రాన్స్ బ్రిటనీ తీరంలోని కార్నాక్ రాళ్ళకు ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. అక్కడా మూడు వేల దాకా నిలువురాళ్ళు, వెనక అట్లాంటిక్ సముద్రం. కార్నాక్ పేరు తెలిసిన తెలుగు యాత్రికులకు ముడుమాల పేరు కొత్తగా వినిపించే పరిస్థితి మారాలి. హీరాపూర్, డోంగర్‌గావ్ పేర్లయితే చంద్రపూర్‌లోనే కొత్త.

ఈ ఊరికి కాపాడుకోవడం చేతకాదని మాత్రం అనను. గోండుల కోట గోడ మీద చెట్లు మొలిచి, చెత్త పేరుకున్నప్పుడు, 2017లో ఎకో-ప్రో అనే ఇక్కడి సంస్థ యువకులు పార, గంప పట్టుకుని నెలల తరబడి శుభ్రం చేశారు. ఆ శ్రమలో కొంత లాల్‌పేట్ రాళ్ళకు, కొంత హీరాపూర్ గూళ్ళకు అందితే చాలు. రాజురా, బల్లార్‌పూర్ తెలుగు సంఘాలు ఉగాదికి పిల్లలను తీసుకుని రాయప్ప రాళ్ళ దగ్గరికి వెళ్ళవచ్చు. ఆ దుర్గను చెక్కించినవాడిది తమ భాషేనని పిల్లలకు తెలియాలి.

వెళ్ళేవాళ్ళు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. చంద్రపూర్‌లో దిగితే లాల్‌పేట్ రాళ్ళు, కోట, అంచలేశ్వర్ గుడి, దాని పక్కన గోండు రాజు బీర్‌షాకు రాణి హిరాయి కట్టించిన సమాధి ఒకే రోజులో చూడవచ్చు. చిమూర్, నాగభీడ్ దారికి సొంత బండి ఉండాలి, ఊళ్ళో పెద్దవాళ్ళను వెంటపెట్టుకుంటే రాళ్ళు సులువుగా దొరుకుతాయి. ముడుమాలకు వాడి-రాయచూర్ మార్గంలోని కృష్ణా స్టేషన్ దగ్గరి స్టేషన్. డిసెంబరు ఇరవయ్యొకటి, ఇరవైరెండు తేదీల్లో పోగలిగితే ముందు రాత్రికే దగ్గరి ఊరు చేరండి. సూర్యుడు పొడిచేవేళకు రాళ్ళ వరస దగ్గర ఉండాలి, నీడలు నేల మీద పడే ఆ కొద్దిసేపట్లోనే వరసల లెక్క కంటికి తెలుస్తుంది.