ఖడక్ చాయ్

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినపుడు మేము నన్నయ గురించియో, సురవరం ప్రతాపరెడ్డిగారి గురించియో వ్రాస్తామని తలచి ఉంటారు. తెలుగు ఉపన్యాసకుని వద్ద అంతకంటె వేరేమి ఆశిస్తారు! కాని ఈ ఏడు మా మనస్సు చాయ్ చుట్టూ తిరుగుతున్నది. విద్యార్థులు నవ్వుకొన్నా సరే, మేము వ్రాయదలచినది దానిని గురించియే.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 2016లో మంచిర్యాల జిల్లాలో చేరిన మందమర్రిలో, ఒక భూగర్భ గనికి పోయే బాట ప్రక్కన మా అబ్బాజాన్‌కు చాయ్ హోటలు ఉండేది. హోటలంటే రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక బొగ్గు పొయ్యి, తెల్లవారుజాము మొదలు రాత్రి దాకా దాని మీది నుండి దిగని గిన్నె. షిఫ్టు దిగిన కార్మికులు కనురెప్పలకు అంటిన మసి అయినా తుడుచుకోక ముందే వచ్చి, “భాయ్, గట్టిగ ఒక చాయ్ పోయుండ్రి” అనేవారు. పలుచని చాయ్ పోస్తే ఊరుకొనేవారు కారు. ఒక పూటంతా భూమి కడుపులో పనిచేసి, బొగ్గు ధూళి పట్టిన గొంతుతో పైకి వచ్చిన మనిషికి సుకుమారమైన పరిమళాలతో పని లేదు. పాలు పోసినా, చక్కెర వేసినా వాటిని త్రోసుకొని ఆకు రుచి ముందుకు రావాలె. దానినే వారు ఖడక్ అనేవారు.

మంచిర్యాల నుండి వర్తకుడు కొత్త చాయ్‌పత్తి నమూనాలు తెచ్చినపుడు అబ్బాజాన్ చేసే పరీక్ష చూడదగినది. చిటికెడు పత్తి అరచేతిలో పోసుకొని, దానిపై నోటి ఆవిరి ఊది, వెంటనే వాసన చూసేవారు. తరువాత గాజు గ్లాసులో పాలు, చక్కెర లేకుండా కాచి పోసుకొని, సుర్రుమని పెద్ద చప్పుడుతో ఒక గుక్క లోనికి లాగేవారు. “మొలకజొన్నల వాసన రావాలె, బేటా” అనేవారు. మా ఇంట మాట్లాడేది ఉర్దూయే గాని, ఈ మాట మాత్రం ఆయన తెలుగులోనే అనేవారు. జొన్నలను మొలకెత్తించి, ఎండబెట్టి, పెనం మీద దోరగా వేయిస్తే వచ్చే ఆ తియ్యని, గాఢమైన వాసన మన ప్రాంతం వారికి వర్ణించి చెప్పనక్కరలేదు.

చాయ్ రుచి చూడడమే వృత్తిగా గలవారు అస్సాం చాయ్‌ని మెచ్చుకొనే మాట కూడా ఇదేనని చాలా ఏండ్లకు తెలిసినది. వారు దానిని ‘మాల్టీ’ అంటారు. మాల్ట్ అంటే మొలకెత్తించి వేయించిన ధాన్యమే గదా! వారూ అబ్బాజాన్ వలెనే చప్పుడుతో జుర్రుతారు. గాలితో కలిసి లోనికి పోతేనే పరిమళం ముక్కు వెనుకకు చేరుతుంది. నూరు మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాల నానుడు అని 1980లో అంతర్జాతీయ ప్రమాణం కూడ ఏర్పరచినారు. ఇది రుచుల తారతమ్యం తేల్చడానికే గాని త్రాగడానికి కాదు.

ఆ ఆకు బ్రహ్మపుత్ర లోయది. వేడి, తేమ, విస్తారమైన వర్షం గల ఆ పల్లపు నేలలో పెరిగే చెట్టు ఆకు వెడల్పైనది. జూన్ నెల ప్రాంతంలో వచ్చే రెండవ చిగురుకు ఈ గాఢత ఎక్కువ. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండు దేశీయుడు అక్కడి సింగ్‌ఫో ప్రజల వలన ఈ చెట్టు సంగతి తెలుసుకొన్నాడు. తోటలు వెలసిన పిమ్మట పనివారు కావలసి వచ్చినారు. దళారుల మాటలు నమ్మి వెళ్ళినవారిలో గంజాం, విశాఖపట్టణం జిల్లాల తెలుగువారు కూడ ఉన్నారు. వారి సంతతి నేటికీ అస్సాంలో ఉన్నది. మేము మా తరగతిలో ఎన్ని వలసగాథలు చెప్పినా, ఈ గాథను చేర్చడం ఈ మధ్యనే మొదలుపెట్టినాము. ఇక మన హోటళ్ళలో వాడే గుండ్రని పలుకు చాయ్, ఆకును నలిపి, చీల్చి, చుట్టే సి.టి.సి. యంత్రపు బిడ్డ. ఆ యంత్రం 1930లో అస్సాంలోనే పుట్టినది. దాని మూలంగా కొద్దిపాటి పత్తితో, కొద్ది సేపటిలోనే చిక్కని రంగు దిగుతున్నది.

ఇంత వ్రాసిన పిమ్మట అసలు సంగతి దాచడం న్యాయం కాదు.

వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో మీ నాన్నగారు ఏమి చేస్తారని మిత్రులు అడిగితే, వ్యాపారమని చెప్పి మాట మార్చేవారము. ఒక ఆదివారం అబ్బాజాన్ ముందుగా తెలుపకుండ వసతి గృహానికి వచ్చినారు. చేతిలో పెద్ద ఫ్లాస్కు, ఒక పొట్లం చాయ్‌పత్తి. చొక్కా చేతులకు పాల మరకలు. గదిలో నలుగురు మిత్రులున్నారు. ఎవరని వారు అడిగినపుడు మా నోట వచ్చిన మాట, “మా ఊరివారు.”

ఆయన విన్నారు. ఒక్క క్షణం మా వైపు చూసి, మిత్రుల వైపు తిరిగి, “అవును బాబూ, వీళ్ళ నాయన పంపిండ్రు, తాగుండ్రి” అని అందరికీ చాయ్ పోసినారు. మాకూ పోసినారు. మిత్రులందరు ఎంతో మెచ్చుకొన్నారు. ఆయన ఫ్లాస్కు మూత బిగించుకొని సాయంత్రపు రైలుకు వెళ్ళిపోయినారు. నేటి వరకు ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడ రాలేదు.

ఆ గని మూతపడినది. దాని వెంట హోటలూ పోయినది. మూడేండ్లుగా అబ్బాజాన్ కరీంనగరంలో మా వద్దనే ఉంటున్నారు. ఆయనకు ఉదయపు చాయ్ మేమే స్వయంగా కాచి ఇవ్వాలని నియమం పెట్టుకొన్నాము. మంచి అస్సాం పత్తి తెచ్చినాము. అయినను రంగు మురికిగా వచ్చేది, పైన సన్నని తెట్టు తేలేది, ఎంత పత్తి వేసినా చేవ ఉండేది కాదు. ఆయన రోజూ సగం త్రాగి, మిగిలినది ప్రక్కన పెట్టేవారు. ఒక్క మాట అనేవారు కారు. ఆ మౌనం మాకు కొత్తది కాదు గనుక మరింత బాధగా ఉండేది. చివరకు ఒకనాడు మేమే అడిగినాము.

“పత్తి తప్పు కాదు బేటా. నీళ్ళు” అన్నారు.

మేము వాడుతున్నది బోరు నీరు. అది కఠినజలం. అందులోని సున్నం చాయ్‌తో కలిసి తెట్టుగా తేలుతుంది, రుచిని చంపుతుంది. లోయర్ మానేరు నుండి వచ్చే నల్లా నీరు పట్టి ఉంచమన్నారు. అది రాని రోజున బోరు నీటినే బాగా మరిగించి, చల్లార్చి, అడుగున తేరిన తెల్లని మడ్డి కదలకుండ పై నీరు వంచుకోమన్నారు. రెండు కప్పులకు సమంగా కొట్టిన రెండు చెంచాల పత్తి, నీరు తెర్లిన తరువాతనే వేయాలె. సన్నని మంట మీద ఒక నిమిషం, దించి మూత పెట్టి మూడు నిమిషాలు. ఆత్రపడి తెగ మరిగిస్తే వచ్చేది ఖడక్ కాదు, వగరు. పాలు వేరుగా కాచి చివర పోయాలె. ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదని అడిగితే, “నువ్వు సార్‌వి గదా” అని నవ్వినారు. ఆ నవ్వులో ఏమున్నదో మేము తేల్చుకోలేదు.

గత రంజానులో సహోద్యోగులు కొందరు ఇఫ్తారుకు మా ఇంటికి వచ్చినారు. నమాజు ముగిసిన తరువాత మేము చాయ్ కాచినాము. అబ్బాజాన్ పట్టుబట్టి తామే అందరికీ పోసినారు. ఒక పెద్ద ఉపన్యాసకులు గుక్క త్రాగి, “ఎవరండీ వీరు, ఇంత బాగా పోస్తున్నారు?” అన్నారు. పొంగు పైకెత్తి పోసే ఆ తీరు చూసి అడిగినారు.

“మా నాన్నగారు. మందమర్రిలో చాయ్ హోటలు నడిపినారు” అన్నాము. గొంతు కొంచెం గట్టిగానే పలికినది కాబోలు, అందరూ ఇటు తిరిగినారు.

అబ్బాజాన్ పోయడం ఆపలేదు. “ఇరవై ఆరేండ్లు” అని మాత్రం సరిచేసినారు. తరువాత తమ కప్పు అందుకొని, సుర్రుమని ఒక గుక్క లాగి, మా వైపు చూసి అన్నారు: “పత్తి కొంచెం తక్కువ పడ్డది.”