గడ్డివాము పక్కన పిల్లల్ని ఆడనివ్వకు వదినా

వదినా, ఆ గడ్డివాము దగ్గరికి పిల్లల్ని పోనివ్వకు. ఎలకలు చేరాయి, వాటి వెంట పాములూ వస్తాయి. పైగా నాట్ల రోజులు. 2018 ఆగస్టులో మన దివిసీమలో ఎన్ని పాముకాట్లు పడ్డాయో, అవనిగడ్డ ఆసుపత్రికి జనం ఎలా పరిగెత్తారో గుర్తుందిగా?

ఏంటీ, కరవగానే పైన తాడు బిగించాలని మావయ్యగారు అంటున్నారా? వద్దని చెప్పు తల్లీ. మా చెల్లెలు నర్సు కదా, ఆ కట్లు చూస్తే దాని కడుపు రగిలిపోతుంది. రక్తపింజర విషం కరిచినచోట కండనే పాడుచేస్తుంది. దాని పైన బిగిస్తే నెత్తురు ఆడక కాలు నల్లబడిపోతుంది, ఒక్కోసారి తీసేయాల్సి వస్తుంది. ఎవరన్నా అప్పటికే కట్టేసి ఉంటే దారిలో పీకెయ్యకూడదు. ఆగిన విషం ఒక్కసారి ఒంట్లోకి పోతుంది. డాక్టరు దగ్గరుండగానే విప్పాలి.

కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు పుయ్యడం, ఐసు పెట్టడం కూడా వద్దు. ముందు మనిషికి ధైర్యం చెప్పి పడుకోబెట్టు. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు, గాజులు తీసెయ్యి, వాపొచ్చాక అవి ఊడిరావు. కాలో చెయ్యో విరిగితే ఎలా కదలకుండా ఉంచుతామో అలాగే కర్ర ఆనించి తువ్వాలుతో వదులుగా చుట్టు. నడిపించొద్దు. 108కి చెయ్యి. బండి ఆలస్యమయ్యేట్టుంటే మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టి తీసుకుపోండి. తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టొద్దు. వాంతి చేసుకుంటుంటే ఎడమ పక్కకి తిప్పు.

మంత్రంతో బతికినవాళ్ళు లేరా అంటావా? ఉన్నారు వదినా. జెర్రిపోతుకీ నీరుకట్టెకీ మనిషిని చంపే విషమే లేదు. నాగుపాము కూడా ఒక్కోసారి కరుస్తుంది గానీ విషం వదలదు. వాళ్ళంతా ఏ మంత్రమూ లేకపోయినా బతికేవాళ్ళే. నిజంగా విషమెక్కినవాడికి మాత్రం మంత్రగాడి అరుగు మీద పోయిన గంట తిరిగి రాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏడాదికి సగటున 58,000 మంది పాముకాటుకి పోయారని లెక్కగట్టారు. ఎక్కువమంది పల్లెల్లో, ఇళ్ళ దగ్గరే. మందు ఉండి కూడా ఇంతమంది పోవడం నాకు అస్సలు మింగుడుపడదు.

పామును చంపి సంచిలో తేవాల్సిన పనీ లేదు. దాని వెంటపడితే ఇంకొకరిని కరుస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ సూది మందు ఒకటే. గుర్రాలకి కొంచెం కొంచెంగా విషమెక్కించి, వాటి నెత్తురులోంచి తీస్తారు. ఆ విషం చాలావరకు చెన్నై దగ్గర పాములు పట్టే ఇరుళ్ళనే గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తుంది. వాళ్ళ చేతుల్లో బుసకొట్టిన పాములే వదినా, మన కూలోళ్ళ ప్రాణాలు నిలబెడుతున్నాయి.

ఆసుపత్రిలో కొంచెం నెత్తురు శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర పనేనని పట్టేస్తారు. చిగుళ్ళలోంచి నెత్తురొచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా అదే గుర్తు. నాగుపాము కాటుకి నొప్పీ వాపూ ఉంటాయి, తర్వాత రెప్పలు వాలిపోతాయి.

నాకు భయం కట్లపామంటేనే. అర్ధరాత్రి వచ్చి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. తెల్లారుజామున కడుపునొప్పి అంటారు, వాంతి అంటారు. మనం గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు ఇస్తాం, దిష్టి తీస్తాం. ఈలోగా రెప్పలు బరువెక్కుతాయి, ఒకటి రెండుగా కనపడుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఆఖరికి ఊపిరాడదు. రాత్రి బాగానే పడుకున్న మనిషి లేస్తూనే కళ్ళు తెరవలేకపోతుంటే, పామును ఎవరూ చూడకపోయినా సరే, ఆసుపత్రికి ఎత్తుకుపోవాలి. ఊపిరి మిషను పెట్టి నిలబెడితే బతుకుతారు. కరిచిందని అనుమానం ఉండి మనిషి బాగానే కనపడుతున్నా 24 గంటలు అక్కడే ఉంచాలి, మధ్యలో ఇంటికి తెచ్చుకోవద్దు.

మన ఆరోగ్య కేంద్రంలో మందు ఉందో లేదో ఆశా అమ్మాయిని ఇవాళే అడుగుతాను. లేకపోతే ఏ ఆసుపత్రికి పోవాలో ముందే తెలుస్తుంది. అత్తయ్యగారికి చాప మీదే అలవాటంటావా? అయితే దోమతెర కట్టి అంచులు చాప కిందికి బాగా దోపు. దొడ్డోకి పోయేటప్పుడు టార్చి ఇవ్వు. రేపు నాట్లకొచ్చే ఆడవాళ్ళకి ఈ కట్లపాము సంగతి నువ్వు చెప్పు వదినా, మేస్త్రికి నేను చెబుతాను.