ఎవరి మాట చెల్లుతుంది?

మేం ఉర్దూలో రాసేటప్పుడు 'అమ్నో అమాన్' అంటాం. తెలుగులో రాసేటప్పుడు 'శాంతిభద్రతలు' అంటాం. ఏ భాషలో విన్నా ఆ మాటకి మా వాడల్లో తల్లులు బయటున్న పిల్లల్ని లెక్కపెట్టుకుంటారు. ఈ భయం మా ఒక్కళ్ళదే కాదు. పెన్న వెలికొండల్ని దాటి నెల్లూరు సీమలోకి దిగే సోమశిల చుట్టుపక్కల యానాదులున్నారు, ఎరుకలోళ్ళున్నారు. వాళ్ళది మాకంటే పాత భయం.

1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు రాజధానికీ పాకింది. ఎరుకల ఇంట పుట్టడమే నేరమైపోయింది. వేలిముద్రలు, హాజరు పట్టీలు. మా జిల్లాలోనే కావలిలో సెటిల్‌మెంటు పెట్టి కుటుంబాలకు కుటుంబాల్నే అందులో ఉంచారు. 1952లో చట్టం రద్దయింది. వెంటనే అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. జైలు నియమాల్లో ఆ పాత ముద్ర ఇంకా ఉందని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. రద్దయిన 72 ఏళ్ళకు!

మా ముద్ర పేర్లు వేరు. 1985లో టాడా. 1994 నాటికి దానికింద అరెస్టయినవాళ్ళు 76 వేలు దాటారు. శిక్ష పడింది కొద్దిమందికే. 1995లో అది పోయింది. 2002లో పోటా వచ్చి 2004లో పోయింది. దాని కోరలు మాత్రం ఉపాలో మొలిచాయి. 2007లో మక్కా మసీదులో బాంబు పేలితే చచ్చిందీ మేమే, అనుమానితులమూ మేమే. అప్పుడు పట్టుకుపోయిన హైదరాబాదు కుర్రాళ్ళు తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. పోయిన రోజుల్ని ఏ కోర్టు తిరిగిస్తుంది?

మరి హక్కుల చట్టమో? సోమశిల డ్యాములో 78 టీఎంసీల నీళ్ళు పడతాయి. భూసేకరణ చట్టం పొలం కాగితం ఉన్నోడికి పరిహారం దారి చూపింది. ఏట్లో చేపా, కొండలో తేనే తప్ప ఆస్తి లేనోడికి అందులో చోటేదీ? ఉదయగిరిలో మా సాయిబులు అడవి కర్రతో చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. వాళ్ళకీ అడవే అన్నం పెడుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం జరిగింది చారిత్రక అన్యాయమని ఒప్పుకుంది. కానీ గిరిజనులు కానివాళ్ళు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అడవి మీద బతికినట్టు రుజువు తేవాలి. 2019 ఫిబ్రవరిలో, దరఖాస్తు తిరస్కరించినవాళ్ళని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చి, రెండు వారాల్లో తానే నిలిపేసింది. ఆ రెండు వారాలూ అడవి నిద్రపోలేదు.

అసలు సంగతి ఇక్కడుంది. ఉపా సెక్షన్ 43డి కింద పోలీసు కాగితాల్లో ఆరోపణ పైకి నిజంగా కనిపిస్తే చాలు, బెయిలు రాదు. అటవీ హక్కుల నియమాల్లోనేమో ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని, ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టకూడదని రాసుంది. ఉపాలో పోలీసు మాట అక్షరాలా చెల్లుతుంది. "మా తాత కాలం నుంచీ ఈ కొండలోనే తేనె తీశాం" అనే యానాది ముసలాయన మాటని ఆఫీసులో ఎవరు రాసుకుంటారు?

కొత్త చట్టం వచ్చినప్పుడల్లా మేం ఒకటే అడుగుతాం. ఎవరి మాటకి విలువిచ్చారు? ఎవరిని రుజువు తెమ్మన్నారు? ఎరుకలోళ్ళూ, యానాదులూ, మేమూ కలిసి అడిగితే ఆ ప్రశ్న కొంచెం గట్టిగా వినపడుతుంది. భద్రత మాకూ కావాలి. మమ్మల్ని చూసి భయపడేవాళ్ళకి మాత్రమే ఇచ్చేది భద్రత కాదు, కాపలా.