ఇంకో పట్టీ వెయ్యొద్దు

మా పల్నాడులో బొలేరో క్యాంపర్ కొన్నవాడు బండి ఇంటికి రాగానే చేయించే మొదటి పని, వెనక కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేయించటం. ఎందుకురా అంటే "లోడుకు కుంగకూడదు గదా బాబాయ్" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మిరప బస్తాలు గుంటూరు యార్డుకు మోసేది కోతల కాలంలోనే. మిగతా ఏడాదంతా అదే బండిలో పిల్లలు బడికి పోవాలి, ముసలామె నరసరావుపేట ఆసుపత్రికి పోవాలి. 2022లో జిల్లా అయ్యాక మాచర్లవాళ్ళు కలెక్టరేటు పనికీ అక్కడికే రావాలి. బస్తాల కోసం బిగించిన కమాను ముసలామె నడుమును ఎరగదు.

పూర్తి లోడుకు లెక్కగట్టి కంపెనీ ఇచ్చిన కట్ట ఖాళీ బండికి మొదటినుంచీ గట్టిదే. పైగా పట్టీ మందం రెట్టింపైతే దాని బిగువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. అందుకే చేతికందిన మందపు పట్టీ ఒకటి దూర్చటం చిన్న మార్పేం కాదు. చక్రం గుంట అంచుకు తగిలినప్పుడు కమాను వంగదు, బండే లేస్తుంది. చక్రం నేల విడిచినంతసేపూ బ్రేకూ పనిచేయదు. మలుపులో ఖాళీ బండి తోక విసిరేది ఇందుకే.

మన నేలలు రెండు రకాలు. నరసరావుపేట, చిలకలూరిపేట వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. పైన తారు ఎంత మందాన పోసినా రోడ్డు అలలు తేలుతుంది, బండి ఊగుతుంది. మాచర్ల, గురజాల వైపు నాపరాయి. డొంక దిగితే రాతి అంచులే, అక్కడ బండి అదురుతుంది. అదురును తీసుకోవలసింది మెత్తటి కమాను. ఊగుడును ఆపవలసింది షాకబ్జరు. కమాను మింగిన దెబ్బను మళ్ళీ కక్కుతుంది. నూనెను సన్నటి రంధ్రాల గుండా తోసి, ఆ కక్కిన జోరును వేడిగా మార్చేది షాకబ్జరే. డబ్బు పెట్టవలసిన చోటు అది. పట్టీల మీద కాదని ఎన్నిసార్లయినా చెబుతాను.

రాతి బాటన గంటసేపు తోలితే మామూలు షాకబ్జరులో నూనె నురగెత్తి పట్టు వదులుతుంది. నైట్రోజన్ నింపినదైతే నురగ తొందరగా రాదు. స్పీడ్‌బ్రేకర్ దాటాక బండి వెనక భాగం రెండోసారి ఎగిరిందంటే షాకబ్జరు పోయినట్టే. షాకబ్జరు మార్చే ముందు బుష్షులు చూడాలి. ఖాళీగా తిరిగే రోజుల్లో వెనక టైర్ల గాలి, ఖాళీ బండికి కంపెనీ చెప్పిన మేరకే ఉంచాలి. రెండంగుళాలు ఎత్తు లేపే కిట్ల జోలికి మాత్రం పోవద్దు. ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారి దాని కీళ్ళలోని క్రాసులు అరుగుతాయి, బండి బరువు పైకెక్కి మలుపులో ఒరుగుతుంది, పైగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉండనే ఉంది.

పాత జీపులకు నాలుగు మూలలా కమాన్లే. అయినా మాచర్ల - దుర్గి రోడ్డులో సర్వీసు జీపు తోలిన ఒక పెద్దాయన బండి ఎక్కితే ఒళ్ళు నొప్పి తెలిసేది కాదు. పట్టీల మధ్య తుప్పు చేరితే అవి ఒకదాని మీద ఒకటి జారవు, కట్టంతా ఒకే దిమ్మవుతుంది. అందుకే ఆయన కోటప్పకొండ తిరునాళ్ళకు ముందే కట్టలు విప్పి, వైరు బ్రష్షుతో రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పూసేవాడు. దుర్గి శిల్పుల దగ్గర నంది విగ్రహమేదన్నా ఎక్కించుకుంటే కింద వరిగడ్డి పరిచేవాడు. విగ్రహం చిన్నదైతే ఇరుసుకు నేరుగా పైన ఇసుక బస్తాలు కట్టేవాడు. బరువు పెరిగితే కమాను మెల్లగా ఊగుతుంది, చెక్కిన చెవులు, కొమ్ములు పగలవు. క్యాంపర్‌లో ముసలామెను ఆసుపత్రికి తీసుకుపోయేవాడు కూడా వెనక రెండు ఇసుక బస్తాలు వేసుకోవచ్చు. జారకుండా తాడుతో గట్టిగా కట్టాలి.