లెక్కలు పుట్టుకతో వచ్చే సొత్తా?

"లెక్కలకు బుర్ర కావాలి" అనే మాట మన హైస్కూళ్లలో తరతరాలుగా చెలామణీ అవుతున్నది. ఆ బుర్ర పుట్టుకతో రావలసిందే గాని, చదివితే వచ్చేది కాదని దాని తాత్పర్యం. మనిషి విలువను పుట్టుకతో ముడిపెట్టిన పాత భావమే వేషం మార్చుకొని లెక్కల క్లాసులో కూర్చున్నదని నా అభిప్రాయం.

నేను లెక్కల ఉపాధ్యాయుణ్ణి. నా పదో తరగతిలో ఒక అమ్మాయి సెలవుల్లో తల్లితోపాటు కూరగాయలు అమ్మేది. ముప్పావు కిలో వంకాయల ధర కట్టి చిల్లర ఇవ్వడానికి ఆమెకు కాగితం అక్కర్లేదు. అదే లెక్కను నిష్పత్తిగా బోర్డు మీద వేస్తే, "నాకు లెక్కలు రావు సార్" అని సుద్దముక్క పెట్టేసేది. ఈమె ఒక్కతే కాదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలపై జరిగిన పరిశోధన 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. బేరాల్లో చకచకా లెక్క కట్టిన పిల్లలు బడిలెక్కల దగ్గర తడబడ్డారు. బడిలెక్కలు వచ్చిన పిల్లలు బజారులెక్కల దగ్గర తడబడ్డారు. కనుక లోపం బుర్రలో లేదు. బడికీ బతుకుకీ పొత్తు లేకపోవడంలో ఉన్నది.

అయితే "నువ్వు చేయగలవు" అని భుజం తడితే సరిపోతుందా? అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలపై ఒక ప్రయోగం జరిగింది. శ్రమతో తెలివి పెరుగుతుందని కొందరికి 25 నిమిషాల పాఠాలు రెండు చెప్పారు. 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వెనకబడిన పిల్లల గ్రేడు సగటు 0.1 పాయింటు పెరిగింది. స్వల్పమే, కాని గంటైనా పట్టని పాఠానికి తీసిపారేయదగినది కాదు. అసలు సంగతి 2022లో తేలింది: తమ పిల్లల తెలివి పెరుగుతుందని తామూ నమ్మిన ఉపాధ్యాయుల తరగతుల్లోనే లెక్కల మార్కులు మెరుగుపడ్డాయి.

ఇది మనకు తగలవలసిన మాట. "వీళ్లకు పాసుమార్కులు 35 వస్తే చాలు" అని నాలుగు ప్రశ్నలు బట్టీ పట్టించినప్పుడు, పిల్లవాడి మీద మన తీర్పును వాడికి స్పష్టంగానే చెబుతున్నాం. వాడు దాన్ని నమ్ముతాడు. నమ్మి ప్రయత్నం మానేస్తాడు. వాడు మానేయడమే మన తీర్పుకు సాక్ష్యమవుతుంది.

ముందు బెంచీని చూసి పాఠం చెబుతూ, వెనక బెంచీని ఆత్మవిశ్వాసం పెంచుకోమనడం న్యాయం కాదు. సగం చేసిన లెక్కలో సరైన మెట్టు ఎక్కడిదాకా ఉన్నదో చూపించాలి. ఎలా చేశావని అడిగి, వాడు చెప్పేది వినాలి. అందుకు తీరిక దొరికే తరగతులు కావాలని ప్రభుత్వాన్ని అడగాలి. విశ్వాసం ఉపన్యాసంతో రాదు. చేయగలిగిన లెక్కతో వస్తుంది.